ఒంటి కంటితో ఆఫ్రికా పటం చదివిన డాక్టర్

మెడికల్‌లో అన్‌ఫిట్ అంటే గుండె ఎలా జారిపోతుందో విదేశాలకు బయల్దేరిన మనవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. డాక్టర్ డెనిస్ బర్కిట్‌కూ ఆ దెబ్బ తగిలింది. సర్జన్ అయి ఉండి కూడా, ఒక కన్ను లేదన్న కారణంతో బ్రిటిష్ వలస రాజ్యాల కొలువు ఇవ్వలేదు. ఆ ఒంటి కంటి డాక్టరే తర్వాత పసిపిల్లలను పొట్టన పెట్టుకుంటున్న ఒక క్యాన్సర్ ఆచూకీ తీశారు. పిల్లలకు ఈ జబ్బు ఎందుకొస్తుంది అన్న ప్రశ్నకు దారి చూపింది ఆయనే.

పిట్టల పటం... జబ్బు పటం

బర్కిట్ 1911 ఫిబ్రవరి 28న ఇప్పటి ఉత్తర ఐర్లండ్‌లోని ఎన్నిస్కిలెన్‌లో పుట్టారు. తండ్రి ఇంజినీరు. తీరిక దొరికితే పిట్టల కాళ్లకు గుర్తులు కట్టి, ఏది ఏ హద్దుల్లో తిరుగుతోందో పటం గీసేవారు. కొడుక్కి పదకొండేళ్లప్పుడు ప్రమాదంలో కన్ను పోయింది. డబ్లిన్‌లో ఇంజినీరింగ్‌లో చేరిన బర్కిట్ మధ్యలో మెడిసిన్‌కు మారి 1935లో డాక్టర్ అయ్యారు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం డాక్టర్‌గా కెన్యా, సిలోన్‌లలో పనిచేశారు. చివరికి 1946లో ఉగాండాలో ఉద్యోగం దొరికింది.

1957లో కంపాలాలోని ములాగో ఆస్పత్రిలో తోటి డాక్టర్ ఒకరు ఓ పిల్లాడిని చూపించారు. పైదవడ, కిందిదవడ, రెండు వైపులా వాపే. కొన్ని వారాలకే జింజా ఆస్పత్రిలో అలాంటి బిడ్డే మళ్లీ కనిపించింది. పొట్టలోనూ గడ్డలు! పాత రికార్డులు తిరగేస్తే, వేర్వేరు జబ్బులుగా రాసుకున్నవన్నీ ఒక్కటేనని అర్థమైంది. 1958లో ఆ సంగతి వైద్య పత్రికలో ప్రకటించారు. లింఫ్ కణాల్లో పుట్టే ఈ క్యాన్సర్‌కే తర్వాత బర్కిట్ లింఫోమా అని పేరొచ్చింది.

పాత కారులో 16 వేల కిలోమీటర్లు

ఈ జబ్బు ఎక్కడ ఉంది, ఎక్కడ లేదు? బర్కిట్ పట్టుకున్న ప్రశ్న ఇది. ఆఫ్రికాలోని ఆస్పత్రులకు ఫొటోలతో కరపత్రాలు పంపారు. అదీ చాలదని 1961 అక్టోబర్‌లో ఇద్దరు మిత్రులతో పాత స్టేషన్ వ్యాగన్‌లో బయల్దేరారు. పది వారాల్లో 16 వేల కిలోమీటర్లు తిరిగి, యాభైకి పైగా ఆస్పత్రుల్లో వాకబు చేశారు.

తేలిందేమిటంటే... వేడి, వాన ఎక్కువున్న పల్లపు ప్రాంతాల్లో జబ్బు ఉంది. చల్లటి ఎత్తు ప్రదేశాల్లో, ఎండు నేలల్లో లేదు. అచ్చం దోమల పటంలా ఉంది! దోమే క్యాన్సర్‌ను మోస్తోందేమోనని మొదట అనుకున్నారు. కానీ అసలు కథ వేరు.

మూడు చేతులు కలిస్తే

1961 మార్చిలో లండన్‌లో బర్కిట్ ప్రసంగాన్ని ఆంథొనీ ఎప్‌స్టీన్ అనే పరిశోధకుడు విన్నారు. కంపాలా నుంచి గడ్డల ముక్కలు విమానంలో లండన్‌కు వెళ్లాయి. 1964లో ఎప్‌స్టీన్, అచాంగ్, బార్ అనే ముగ్గురు వాటిలో ఒక కొత్త వైరస్‌ను కనిపెట్టినట్టు ప్రకటించారు. అదే ఎప్‌స్టీన్-బార్ వైరస్.

ఎంగిలి ద్వారా అంటుకునే ఈ వైరస్ ప్రపంచంలో దాదాపు పెద్దలందరి ఒంట్లోనూ ఉంటుంది. చాలామందికి ఏమీ చెయ్యదు. మరి ఆ పిల్లలకే ఎందుకు? పసితనం నుంచి పదేపదే వచ్చే మలేరియా రోగనిరోధక కణాలను అదేపనిగా పెరిగేలా చేస్తుంది, వైరస్‌పై పట్టు సడలిస్తుంది. ఆ గందరగోళంలో ఏదో ఒక కణంలో క్రోమోజోములు తెగి తారుమారుగా అతుక్కుంటే, పెరుగుదల మీట ఆగకుండా ఆన్‌లో ఉండిపోతుంది. ఒక్కటే కారణం కాదు, కొన్ని కలిసి రావాలి.

మలేరియా అంతగా లేని దేశాల్లోనూ ఈ జబ్బు అరుదుగా వస్తుంది. అక్కడ ఎక్కువగా పొట్టలో కనిపిస్తుంది, చాలా కేసుల్లో వైరస్ కూడా ఉండదు. హెచ్‌ఐవీ, పుట్టుకతో వచ్చే రోగనిరోధక లోపాలు, అవయవ మార్పిడి తర్వాత వాడే మందులు ముప్పు పెంచుతాయి. అయినా లింఫోమా వచ్చిన పిల్లల్లో చాలామందికి ఇదీ కారణమని చూపలేం. తల్లి పెట్టిన తిండి, ఎవరి దిష్టి కారణం కావు. ఈ క్యాన్సర్ ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు కూడా.

మన సుబ్బారావు మందు

రేడియేషన్ వసతి లేని ఉగాండాలో బర్కిట్ మందులనే నమ్ముకున్నారు. కొందరు పిల్లల్లో గడ్డలు రోజుల్లోనే కరిగిపోయాయి. ఆయన వాడిన వాటిలో ఒకటి మెథోట్రెక్సేట్. భీమవరంలో పుట్టి అమెరికా వెళ్లిన మన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లే ప్రయోగశాలలో తయారైన మందు అది. ఇప్పుడు వసతులున్న చోట పదిమంది పిల్లల్లో దాదాపు తొమ్మిదిమంది కోలుకుంటున్నారు.

బర్కిట్ 1966లో ఇంగ్లండ్ చేరి, తిండిలో పీచు ఎంత ముఖ్యమో చాటిచెప్పారు. 1993 మార్చి 23న కన్నుమూశారు.

ఇంటి నుంచి ఫోన్‌లో పిల్లాడి మెడలో గడ్డ అన్నారనుకోండి, కంగారు పడొద్దు. చాలావరకు మామూలు ఇన్‌ఫెక్షన్లే. కానీ రెండు మూడు వారాలైనా తగ్గకపోయినా, గబగబా పెరుగుతున్నా, పొట్ట ఉబ్బినా, జ్వరం విడవకపోయినా, బరువు తగ్గుతున్నా మీరు సెలవు మీద వచ్చేదాకా ఆగమనకండి. ఈ గడ్డ రోజుల్లోనే పెరిగిపోతుంది. వెంటనే పెద్దాస్పత్రికి తీసుకెళ్లమనండి.