వెన్నెల కురిపించిన మార్కస్ బార్ట్లీ

మన కర్లపాలెం చుట్టుపక్కల మాయాబజార్ చూడని ఇల్లు ఉంటుందా? ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వాటంతట అవే ఎగిరి వెళ్తుంటే మన పిల్లలు ఇప్పటికీ చప్పట్లు కొడతారు. రామారావు గారు, నాగేశ్వరరావు గారు, రంగారావు గారు, సావిత్రమ్మ, వీరి పేర్లు అందరికీ కంఠతా వచ్చు. ఆ లడ్డూలను ఎగరేసిన ఛాయాగ్రాహకుడి పేరు అడగండి. పదిమందిలో ఒక్కరు చెప్తే గొప్పే. ఆయనే మార్కస్ బార్ట్లీ గారు. ఆయన్ను గురించి మన సభ్యులకు, వారి పిల్లలకు నాలుగు మాటలు చెప్పాలని మా కోరిక.

బార్ట్లీ గారు 1917లో ఆంగ్లో ఇండియన్ కుటుంబంలో జన్మించారు. మొదట పత్రికా ఛాయాగ్రాహకులుగా టైమ్స్ ఆఫ్ ఇండియాలో పనిచేశారు. తరువాత బ్రిటిష్ మూవీటోన్ వారికి వార్తా చిత్రాలు తీశారు. ఈ సంగతిని పాఠకులు కొంచెం గుర్తుంచుకోవాలి. పత్రికకు బొమ్మలు తీసేవాడికి సెట్టింగు ఉండదు, పెద్ద దీపాలుండవు. బజారులో ఎండ ఎలా పడితే అలా, మనిషి ఎక్కడ నిలబడితే అక్కడ తీసుకోవాల్సిందే. ఒక్క క్షణం ఆలస్యమైతే ఆ బొమ్మ పోయినట్టే. అలా వీధిలో కన్ను అలవాటైన మనిషి స్టూడియోలోకి వచ్చాడన్నమాట.

తెలుగులో ఆయనకు పేరు తెచ్చింది బి.ఎన్. రెడ్డి గారి స్వర్గసీమ, 1945లో వచ్చింది. అందులో భానుమతి గారు వీధుల్లో ఆటలాడి పొట్టపోసుకునే పిల్లగా మొదలై, నాటకాల తారగా ఎదుగుతారు. ఆ వీధికీ, ఆ మేడకూ వెలుతురులోనే తేడా చూపించాలి. వార్తల కెమెరా పట్టిన చేతికి వీధి కొత్త కాదు కదా!

అయిదేళ్ల తరువాత వచ్చిన షావుకారు మాకు మరీ ఇష్టం. విజయా వారి తొలి చిత్రం అది, 1950లో విడుదలయింది. కథ రాసిన చక్రపాణి గారు మన తెనాలి వారు. దర్శకులు ఎల్.వి. ప్రసాద్ గారు. కథేమిటంటారా? పక్క పక్క రెండిళ్లు, అంతే. ఇటు వడ్డీ వ్యాపారి చెంగయ్య, అటు మాట మీద నిలబడే రామయ్య. పిల్లలిద్దరికీ పెళ్లి చేద్దామనుకునేంత స్నేహం కాస్తా, కోర్టులో సాక్ష్యం దగ్గర చెడుతుంది. రాజులు లేరు, మాయలు లేవు. అరుగు, వసారా, గోడ, గుమ్మం. నిన్నటిదాకా పిలుచుకున్న వాళ్లు ఇవాళ ఎదురుపడి మొహం తిప్పుకుని పోతారు. మన పేటల్లో ఇలాంటివి చూడని వాళ్లెవరు? బార్ట్లీ గారి కెమెరా ఆ రెండిళ్లను గొప్ప చేసి చూపించలేదు, పక్కింటి వాడు చూసినట్టు చూసింది. ఆ చిత్రానికి డబ్బు అంతగా రాలేదు. మరుసటి ఏడు వచ్చిన పాతాళభైరవి ఆ లోటంతా తీర్చేసింది. దాని ఛాయాగ్రహణమూ ఆయనదే. జనం మాయల వెంట పోయారు, ఏం చేస్తాం!

ఆయినా ఇల్లూ వాకిలీ ఆయన్ను వదల్లేదు. పెళ్లిచేసి చూడు, మిస్సమ్మ, గుండమ్మ కథ, అన్నీ ఆయన తీసినవే. 1962 నాటి గుండమ్మ కథలో రామారావు గారు రుబ్బురోలు ముందు కూర్చుని పిండి రుబ్బడం గుర్తుందా? అంత పెద్ద హీరోకి రుబ్బురోలేమిటని ఎవరికీ అనిపించలేదు. మనింట్లో మన పెరట్లో జరిగినట్టే ఉంటుంది.

ఇక వెన్నెల సంగతి. 1955 నాటి మిస్సమ్మలోనూ, 1957 నాటి మాయాబజార్‌లోనూ ఆ వెన్నెల చూసినవారు నిజం చంద్రుడి వెలుగులో తీశారనే అనుకునేవారు. ఆ రోజుల్లో ఫిల్ముకు నిజం వెన్నెల చాలదు. అది దీపాలతో చేసిన వెన్నెల. ముఖం మీద వెలుగు తగ్గించి, వెనకనుంచీ పక్కనుంచీ జుట్టు అంచులకూ భుజాలకూ వెలుగు తగిలిస్తే, తక్కినది చీకట్లో కలిసిపోతుంది. చెప్పడం తేలికే. మనం ఎండాకాలం ఆరుబయట మంచాలు వేసుకుని పడుకున్నప్పుడు పక్క మంచం మీది మనిషి ఎలా కనిపిస్తాడో, సరిగ్గా అలా కనిపించేట్టు చేయడమే కష్టం. రోజూ కనిపించే దాన్ని శ్రద్ధగా చూసినవాడికే అది పట్టుబడుతుందని మా అభిప్రాయం.

అదే చిత్రంలో ద్వారక ఊరు కూడా బొమ్మల ఊరే. మాధవపెద్ది గోఖలే, కళాధర్ గార్లు 50 అడుగులకు 60 అడుగుల స్థలంలో దాదాపు 300 చిన్న చిన్న ఇళ్లు కట్టించారు. గోఖలే గారు మన గుంటూరు జిల్లా వారే. ఆ బుల్లి ఇళ్లలో దీపాలు వెలిగించి కెమెరాతో చూపిస్తే, సాయంకాలం కాపురాలున్న పట్నంలాగే కనిపించింది.

1965లో ఆయన కేరళ వెళ్లి రాము కరియాట్ గారి మలయాళ చిత్రం చెమ్మీన్‌ను రంగుల్లో తీశారు. తకళి శివశంకర పిళ్లై గారి నవల అది. ఈసారి స్టూడియో గోడలు లేవు. సముద్రపు ఒడ్డు, పడవలు, బెస్తవారి గుడిసెలు. సూర్యలంక, నిజాంపట్నం తీరాలు ఎరిగిన మనవాళ్లకు భాష తెలియకపోయినా ఆ సినిమా తెలుస్తుంది. పడవ వచ్చేదాకా ఒడ్డునే నిలబడి చూసే ఆడవాళ్లు మన దగ్గరా ఉన్నారుగా. ఉత్తమ చిత్రంగా రాష్ట్రపతి బంగారు పతకం దక్షిణాదికి తొలిసారి తెచ్చింది ఆ చిత్రమే.

బార్ట్లీ గారికి స్వయంగా జాతీయ బహుమతి వచ్చింది 1969 నాటి తమిళ చిత్రం శాంతి నిలయానికి. 1993లో ఆయన కన్నుమూశారు. ఆ తరువాత 2010లో మాయాబజార్‌కు రంగులు వేసి మళ్లీ విడుదల చేశారు. కొత్త తరం పిల్లలు ఆ రంగులు చూసి సంబరపడ్డారు, తప్పేమీ లేదు. మాకు మాత్రం ఆ పడవ మీద పడిన తెలుపు నలుపుల వెన్నెలే బాగుంటుంది.