చరిత్రను తన జాతి చేతుల్లో పెట్టిన ఉడ్సన్

ఒక జాతిని తరతరాలపాటు అణచి ఉంచాలంటే దాని భూమిని, శ్రమను దోచుకుంటే చాలదు. దానికి చెప్పుకోదగ్గ గతమే లేదని దాని పిల్లల చేతనే నమ్మించాలి. అమెరికాలో 1865లో బానిసత్వం చట్టరీత్యా రద్దయినా, నల్లజాతి ప్రజలపై వివక్షకు ఈ నమ్మకం దన్నుగా నిలిచింది. ఆ నమ్మకాన్ని ఆధారాలతో కూల్చడానికి జీవితాన్ని వెచ్చించిన చరిత్రకారుడు, రెండు కళాశాలలకు డీన్‌గా పనిచేసిన విద్యావేత్త కార్టర్ జి. ఉడ్సన్. నల్లజాతి చరిత్రకు పితామహుడిగా ప్రపంచం ఆయనను గుర్తుంచుకుంది. అయితే ఆ చరిత్రను ఎవరి అజమాయిషీలో ఉంచాలన్న ప్రశ్నకు ఆయన ఇచ్చిన జవాబును మాత్రం మనం అంతగా పట్టించుకోలేదు.

ఉడ్సన్ 1875 డిసెంబర్ 19న వర్జీనియా రాష్ట్రంలోని న్యూ కాంటన్‌లో పుట్టారు. తల్లిదండ్రులిద్దరూ ఒకనాటి బానిసలు. ఇంట్లో పేదరికం. పొలం పనులు లేని నెలల్లోనే బడి. యవ్వనంలో అడుగుపెట్టాక పశ్చిమ వర్జీనియా బొగ్గు గనుల్లో కూలికి చేరారు. అక్కడ ఆలివర్ జోన్స్ అనే నల్లజాతి కార్మికుడి ఇల్లు తోటి కార్మికులు కూడే చోటు. అంతర్యుద్ధంలో పోరాడిన జోన్స్‌కు చదవడం రాదు. అయినా పుస్తకాలు, పత్రికలు తెప్పించి ఉడ్సన్ చేత చదివించుకునేవారు. యుద్ధం గురించి, బానిసత్వం గురించి ఆ కార్మికులు చెప్పుకున్న సంగతులు ఏ పాఠ్యపుస్తకంలోనూ లేవు. అక్షరం రానివారి దగ్గరా చరిత్ర ఉంటుందన్న ఎరుక ఆయనకు అక్కడే కలిగింది.

ఇరవై ఏళ్ల వయసులో హంటింగ్టన్‌లోని డగ్లస్ హైస్కూల్లో చేరి రెండేళ్లలోపే చదువు ముగించారు. కొద్ది కాలానికే అదే పాఠశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. నల్లవారినీ తెల్లవారినీ కలిపి చదివించిన కెంటకీలోని బెరియా కాలేజీలో 1903లో పట్టా పొందారు. మరుసటి ఏడాదే అలాంటి సహవిద్యను నిషేధిస్తూ కెంటకీ ప్రభుత్వం చట్టం చేసింది. ఫిలిప్పీన్స్‌లో ఉపాధ్యాయుడిగా పనిచేసి వచ్చాక 1908లో షికాగో విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. పూర్తిచేశారు. వాషింగ్టన్‌లో బడిపాఠాలు చెబుతూనే 1912లో హార్వర్డ్ నుంచి చరిత్రలో డాక్టరేట్ సాధించారు. డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్ తరువాత అక్కడ డాక్టరేట్ పొందిన రెండో నల్లజాతీయుడు ఆయనే.

పట్టా వచ్చినా ఆనాటి చరిత్ర రచనలో ఆయన ప్రజలకు చోటు లేదు. బానిసత్వాన్ని దయగల యజమానుల కథగా రాసే రచనలు విద్వత్తుగా చలామణి అవుతున్న కాలమది. అందుకే 1915లో షికాగోలో కొందరు మిత్రులతో కలిసి నల్లజాతి జీవిత, చరిత్ర అధ్యయన సంఘాన్ని స్థాపించారు. 1916 జనవరిలో పరిశోధన పత్రిక ప్రారంభించారు. 1861కి పూర్వం నల్లవారి విద్యపై పుస్తకం రాశారు. బానిసలకు చదువు చెప్పడాన్ని నేరంగా మార్చిన చట్టాలనూ, వాటిని ధిక్కరించి రహస్యంగా అక్షరాలు నేర్చుకున్న మనుషులనూ అందులో నమోదు చేశారు. జనాభా లెక్కలు, సామాన్యులు రాసుకున్న ఉత్తరాలు ఆయన చేతిలో చరిత్రకు ఆధారాలయ్యాయి.

1919లో హోవర్డ్ విశ్వవిద్యాలయంలో డీన్ అయ్యారు. అది నల్లజాతి విద్యార్థుల కోసం ఏర్పడిన సంస్థే అయినా అధ్యక్ష పీఠం తెల్లవారి చేతుల్లోనే ఉండేది. అధ్యక్షుడితో పొసగక ఏడాదికే బయటికి వచ్చారు. అక్కడ తొలి నల్లజాతి అధ్యక్షుడు నియమితుడైంది 1926లో. పశ్చిమ వర్జీనియా కాలేజియేట్ ఇన్‌స్టిట్యూట్‌లో రెండేళ్లు డీన్‌గా చేసి, 1922లో కళాశాల ఉద్యోగాలకు పూర్తిగా స్వస్తి చెప్పారు. అప్పటికే సొంత ప్రచురణ సంస్థను స్థాపించారు. వాషింగ్టన్‌లోని ఆయన ఇల్లే సంఘానికి కార్యాలయం అయింది. సంఘాన్ని ఏదైనా కళాశాలకు అనుబంధంగా మార్చాలని ధనిక ఫౌండేషన్లు కోరితే ఆయన ఒప్పుకోలేదు. వాటి నిధులు ఆగిపోయాక నల్లజాతి ఉపాధ్యాయులు, చర్చిలు, సామాన్యులు ఇచ్చిన చిన్న చిన్న విరాళాలే సంఘాన్ని నిలబెట్టాయి.

1926 ఫిబ్రవరిలో, లింకన్, ఫ్రెడరిక్ డగ్లస్‌ల జయంతులు కలిసివచ్చేలా నల్లజాతి చరిత్ర వారాన్ని మొదలుపెట్టారు. ఏడాది పొడవునా చదివినదాన్ని పిల్లలు ప్రదర్శించే సందర్భంగా దాన్ని ఉద్దేశించారు. 1976 నుంచి అది నెల రోజుల కార్యక్రమమైంది. 1933లో వెలువడిన ఆయన ప్రసిద్ధ గ్రంథం నల్లవారికి అందుతున్న తప్పుడు చదువును విమర్శించింది. తన వారిని హీనంగా చూపే చదువు చదివినవాడు తన వారికే పరాయివాడవుతాడన్నది ఆయన వాదన. సత్యం బయటపడితే దురభిమానం కరిగిపోతుందని ఆయన నమ్మారు. ఆ నమ్మకం పూర్తిగా నిజం కాలేదు. సత్యానికి రాజకీయ బలమూ తోడు కావాలి. కానీ ఆధారాలు లేని రాజకీయం ఎదుటివాడు రాసిన చరిత్రకే బందీ అవుతుంది. 1950 ఏప్రిల్ 3న కన్నుమూసే వరకు ఆయన ఆ ఆధారాల కోసమే శ్రమించారు.

ఈ జీవితం మనకు దూరమైనదేమీ కాదు. జోతిరావు ఫూలే 1873లో తన గులాంగిరీని బానిసత్వ నిర్మూలనకు కృషిచేసిన అమెరికన్లకు అంకితమిచ్చారు. ఉడ్సన్ సంఘం పుట్టిన 1915లో అంబేడ్కర్ న్యూయార్క్‌లో కొలంబియా విద్యార్థి. 1917లో విజయవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన జరిగిన సభ పంచములన్న పేరును తోసిపుచ్చి ఆది ఆంధ్రులమని చాటింది. ఈ నేలకు తొలి వారసులం తామేనన్న చారిత్రక వాదన ఆ పేరులోనే ఉంది.

నేడు జయంతులకు, విగ్రహాలకు మనకు కొదవ లేదు. ఆది ఆంధ్ర ఉద్యమ కరపత్రాలు, సభల తీర్మానాలు, దళిత పత్రికల పాత సంచికలు, అమ్మమ్మల నోట మిగిలిన వెట్టి జ్ఞాపకాలు ఏ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయన్నదే ప్రశ్న. వాటిని సేకరించే పని ప్రభుత్వ గ్రాంటు కోసమో విశ్వవిద్యాలయ అనుమతి కోసమో ఆగనక్కర్లేదు. ప్రతి వాడలో ఇద్దరు విద్యార్థులు కూర్చుని పెద్దల మాటలు రాసుకున్నా ఒక చరిత్ర సంఘం మొదలైనట్టే. ఉడ్సన్‌కు మనం ఇవ్వగల నివాళి ఆ పనే.