ఆచార్య రంగా గారు - అర్థశాస్త్ర పరిశోధనము

ఈ యేడు మన మహాసభ అల్లూరున సమావేశమగుచున్నందున, సంచికలో నెవరి జీవితమును ముచ్చటింపవలెనని కొంత యాలోచించితిమి. అల్లూరు పెన్నానది దిగువనున్న వరిసీమ. మొలగొలుకులకు పేరుపడిన నెల్లూరు మండలమున, సంగము ఆనకట్ట నీటితో పండు భూము లొకవైపును, సముద్రతీరమునందలి యుప్పునేల లొకవైపును గలవు. ఇచ్చటి గృహస్థులకు పంట, కౌలు, అప్పు అను మూడు మాటలును చిన్ననాటినుండి వినికిడియే. ఈ మూడింటిని శాస్త్రమర్యాదతో పరిశీలించిన ఆచార్య గోగినేని రంగనాయకులు గారి చరిత్ర వారికి రుచింపకపోదని తలచితిమి. రైతునాయకులుగా వారి నెఱుగనివారు లేరు. వారు మొదట అర్థశాస్త్ర పరిశోధకులనుట మాత్రము పలువురు మఱచిరి.

రంగా గారు 1900 సంవత్సరము నవంబరు 7వ తేదీన గుంటూరు మండలము నిడుబ్రోలు గ్రామమున కర్షక కుటుంబమున జన్మించిరి. గుంటూరు క్రైస్తవ కళాశాలలో చదివి, పిదప ఇంగ్లాండునకు బోయి, ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రము నభ్యసించి 1926లో బి. లిట్. పట్టము నందిరి. మరలివచ్చి చెన్నపట్టణమున పచ్చయప్ప కళాశాలలో చరిత్రార్థశాస్త్రములను బోధించిరి. ఆచార్య శబ్దము వారి పేరున కంటుకొనినది యిట్లే.

వారు విద్యార్థిగా నున్న నాటికి మన దేశమున అర్థశాస్త్రము పసికూన. మద్రాసు విశ్వవిద్యాలయము 1915లో గిల్బర్టు స్లేటరు దొరను మొట్టమొదటి భారతార్థశాస్త్రాచార్యునిగా నియమించెను. ఈ దొర ఆంగ్లగ్రంథములను వల్లెవేయించుటతో దనియక, సెలవులకు ఇండ్లకు బోవు విద్యార్థులచేతికి ప్రశ్నపత్రికల నిచ్చి, స్వగ్రామముల లెక్కలను గట్టి తెమ్మనెను. ఆ ఫలితములు 1918లో గ్రంథరూపమున వెలువడినవి. అంతకు ముందటి యేడు, అనగా 1917లో, కలకత్తా విశ్వవిద్యాలయమున మింటో ఆచార్యుడగు హామిల్టను దొర పూనికతో ఇండియన్ ఎకనమిక్ అసోసియేషన్ ఏర్పడెను. వేర్వేరు విశ్వవిద్యాలయములలో ఒంటరిగా శ్రమించు అధ్యాపకులను ఏటేట నొకచోట జేర్చుట, వారి వ్యాసములను పదుగురియెదుట చదివించి తప్పొప్పులను తేల్చుట, ప్రభుత్వము చేయు ఆర్థిక విధానములను నిర్మొగమాటముగా పరీక్షించుట: ఈ సంఘమువారి యుద్దేశము లివి. వినుటకు స్వల్పముగా దోచును గాని, పన్నుల గూర్చియు ధరల గూర్చియు సర్కారు లెక్క తప్ప వేఱు లెక్క లేని కాలమున నిది చిన్న సంగతి కాదు.

ఈ వాతావరణమున రంగా గారి తొలి గ్రంథము పుట్టినది. భారత గ్రామముల ఆర్థిక వ్యవస్థనుగూర్చి వారు వ్రాసిన పుస్తకముయొక్క ప్రథమ సంపుటము 1926లో బెజవాడలో వెలువడెను. అది డెల్టా గ్రామములను గూర్చినది. రెండవ సంపుటము 1929లో వచ్చినది. చేమగ్గముల ఆర్థికస్థితిపై మఱియొక గ్రంథము 1930లో బొంబాయిలో ప్రకటితమయ్యెను. ఇట్టి పని యెంత కష్టమో పల్లెటూరివారికి జెప్పనక్కఱలేదు. రైతు తన యప్పును పొరుగువానికే చెప్పడు. ఇక కాగితము చేతబట్టి వచ్చినవానికి జెప్పునా? చెప్పినను, ఇంటి గింజలకును ఇంటివారి చాకిరికిని వెల గట్టుట యెట్లు? గట్టనియెడల సేద్యము లాభమువలె గానవచ్చును, గట్టినయెడల నష్టమే బయటపడును. ఈ చిక్కు నేటికిని తీరలేదు.

లెక్కల విలువ యేమో కొలదికాలమునకే తెలియవచ్చెను. కృష్ణా గోదావరీ మండలములలో ప్రభుత్వమువారు భూమిశిస్తును నూటికి 18¾ వంతున, అనగా రూపాయికి మూడణాల చొప్పున, హెచ్చింప నెంచగా రైతాంగ మలజడి చెందెను. ఆ యాందోళనమున రంగా గారును నిలిచిరి. పండినది పుష్కలమని సర్కారువారనగా, ఖర్చులు పోను మిగిలిన దేమని యడుగుటకు వట్టి యర్జీ చాలదు, అంకెలు కావలెను. 1930లో గాంధీ మహాత్ముని పిలుపు విని వారు కళాశాలను వీడి స్వాతంత్ర్యోద్యమమున బ్రవేశించిరి. కలమును మాత్రము విడువలేదు. జమీందారీ రైతుల ఆర్థిక స్థితినిగూర్చి వారి గ్రంథము 1933లో వెలువడినది. నాడు మన నెల్లూరు మండలమున జేరియుండిన వెంకటగిరి జమీను రైతుల పోరాటమునకు వా రండయై యుండిరి. జమీందారీల రద్దు శాసనము మద్రాసు రాష్ట్రమున 1948లో వచ్చెను.

తరువాతి చరిత్ర లోకవిదితము: 1936లో అఖిల భారత కిసాన్ సభ, 1959లో స్వతంత్ర పార్టీ, దశాబ్దములతరబడి పార్లమెంటు సభ్యత్వము. 1995 జూను 9న వారు పరమపదించిరి. మరుసటి యేడు వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు వారి పేరిడిరి. రాజకీయము ఒక మంచి పరిశోధకుని మింగివేసినదని కొందఱందురు. మే మంతటితో నేకీభవింపము. అయినను, భూమిగల రైతు తరఫున వినిపించినంత గట్టిగా కౌలుదారు తరఫునను కూలివాని తరఫునను వారి గొంతు కడవఱకు వినిపించినదా యను ప్రశ్న యుచితమైనదే. వారిని గౌరవించువార మగుటచేతనే దీనిని దాచక వ్రాసితిమి.

విశ్వవిద్యాలయ పరిశోధకుల సంఘము మాత్రము తెగక సాగినది. వ్యవసాయార్థశాస్త్రమునకు 1939లో మణిలాల్ నానావతి గారు ప్రత్యేక సంఘమును స్థాపించిరి. మాతృసంఘము 1953నుండి ఇండియన్ ఎకనమిక్ జర్నల్‌ను ప్రకటించుచున్నది. దాని శతవార్షిక మహాసభ 2017 డిసెంబరులో గుంటూరుచెంత ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయమున, రాష్ట్రపతి రామనాథ కోవిందు గారు ప్రారంభింపగా జరిగెను. ఆ సంఘము నూఱేండ్ల పండుగకు రంగా గారి జిల్లాకే వచ్చినది.

స్లేటరు విద్యార్థులు చూచిన గ్రామములను ఆచార్య థామసు గారును రామకృష్ణన్ గారును మరల పరిశీలించి 1940లో గ్రంథముగా బ్రకటించిరి. అందుచే ఇరువది యేండ్ల మార్పు కంటికి గట్టినట్లు తెలియుచున్నది. మన పెన్నాడెల్టాలో వరి మళ్లు రొయ్యల గుంటలైనవి, సొంతసేద్యము కౌలుసేద్యమైనది. ఎవరికేమి మిగిలినదో ఇంటింట నడిగి కూర్చిన లెక్క యుండవలదా? మన విద్యానిధి దాతలు వసతిగృహములకును వైద్య, యంత్రవిద్యార్థులకును ఉదారముగా నిచ్చుచున్నారు. అర్థశాస్త్రమున పరిశోధనము చేయు నొక విద్యార్థికి, ఏ కులమువాడైనను సరియే, అల్లూరు ప్రాంతమున నొక గ్రామమును ఎంచుకొని రెండు పంటలకాల మచ్చటనే యుండి లెక్కలు గట్టుటకు వలయు వేతనమును ఈ సభలోనే నిర్ణయింపవలెనని కార్యవర్గమువారికి విన్నవించుచున్నాము.