ఓటమికి లొంగని గళము: ఘంటసాల వేంకటేశ్వరరావుగారు

విద్య రాణించుటకు ప్రతిభ యొక్కటియే చాలదు. ఆ ప్రతిభను పదిమంది యెదుట చూపుకొను అవకాశము రావలెను. అది రాని దినములలో మనస్సు చెదరకుండవలెను. తెలుగునాట ఇంటింట వినవచ్చు కంఠముగల ఘంటసాల వేంకటేశ్వరరావుగారికి సైతము అట్టి గడ్డుదినములు తప్పలేదు. కంఠము పనికిరాదని పంపివేయబడిన గడపనుండి ఆయన యెట్లు ముందునకు సాగిరో తెలిసికొనుట యువజనులకు మిక్కిలి ఉపకరించును.

వారు 1922వ సంవత్సరము డిసెంబరు 4వ తేదీన కృష్ణాజిల్లా గుడివాడ ప్రాంతమునందలి చౌటపల్లి గ్రామమున జన్మించిరి. తల్లి రత్తమ్మగారు, తండ్రి సూరయ్యగారు. సూరయ్యగారు మృదంగము వాయించుచు తరంగములు పాడు భక్తులు. కుమారుని భుజముపై నెక్కించుకొని భజనగోష్ఠులకు కొనిపోవుచుండిరి. ఆ పిల్లవాడు తరంగములకు తగినట్లు అడుగులు వేయుచుండగా చూచినవారు బాలభరతుడని ముద్దుగా పిలిచెడివారు. కుమారుడు సంగీతవిద్వాంసుడు కావలెనన్న కోరికను తెలిపి సూరయ్యగారు కన్నుమూసిరి. బాలుని చిన్నతనమింకను వీడలేదు. మేనమామ పిచ్చిరామయ్యగారు ఆ కుటుంబమును ఆదుకొనిరి.

తండ్రి మాట బాలుని మనస్సున నాటుకొన్నను, దానికి పదును పెట్టినది ఒక పరాభవము. సమీపమున జరిగిన ఉత్సవములలో పేరుపొందిన విద్వాంసులతో పోటీపడి పాడి ఓడిపోయి, స్నేహితుల యెదుట నవ్వులపాలయ్యెను. శాస్త్రము నేర్వని గాత్రమునకు సభలో నిలుకడ లేదని ఆనాడు తెలిసివచ్చెను. అటుపిమ్మట సంగీతము వచ్చిన వారి యిండ్లలో చేరి, బట్టలు ఉదికి, వంటపనులు చేసి, రెండేండ్లు గడిపినను విద్య అంతంతమాత్రమే అబ్బెను. తుదకు నలుబది రూపాయల విలువగల చేతియుంగరమును ఎనిమిది రూపాయలకు అమ్మి, రైలెక్కి విజయనగరము చేరిరి.

అచ్చటను అదృష్టము వెంటనే ఎదురురాలేదు. సంగీత కళాశాలకు వేసవి సెలవులు. అధ్యక్షులు ద్వారం వేంకటస్వామినాయుడుగారు దయతో అక్కడ తలదాచుకొననిచ్చిరి. కాని తోటి విద్యార్థులు చేసిన తప్పిదమునకు ఈయన ఆ ఆశ్రయమును కోల్పోవలసివచ్చెను. అప్పుడు చేరదీసినవారు గాత్రాచార్యులు పట్రాయని సీతారామశాస్త్రిగారు. వారు సంపన్నులు కారు. ఐనను శిష్యునికి ఉచితముగా విద్య గరపిరి. అన్నమునకై జోలె భుజమున తగిలించుకొని వీధివీధి తిరుగు మధుకరవృత్తిని శిష్యుడు అవలంబించెను. తెచ్చుకొన్న అన్నము తినుట, తక్కిన కాలమెల్ల సాధన చేయుట, ఇదియే నిత్యకృత్యమయ్యెను. ఆపై కళాశాలలో చేరి విద్య పూర్తిచేసిరి. ఆ జోలెను తలచుకొనుటకు ఆయన ఎన్నడును సిగ్గుపడలేదు.

1942లో క్విట్ ఇండియా ఉద్యమమున పాల్గొని అలీపురము కారాగారమున శిక్ష ననుభవించిరి. విడుదలయైన పిదప, 1944 మార్చి 4వ తేదీన అప్పటి గుంటూరుజిల్లా పెదపులివఱ్ఱు గ్రామమున సావిత్రిగారిని వివాహమాడిరి. ఆ సాయంకాలము తన పెండ్లికి తానే పాటకచేరీ చేసి బంధువుల నానందపరచిరట. ఆ ప్రాంతమునకు వచ్చియున్న సినీరచయిత సముద్రాల రాఘవాచార్యులవారు ఈయన గాత్రమును మెచ్చి మదరాసుకు రమ్మనిరి. చేత పైకము లేదు. రెండు మాసములు కచేరీలు చేసి, చాలనిదానికి అప్పుచేసి, ఆ మహానగరము చేరిరి.

సముద్రాలవారు ఆయనను వెంటబెట్టుకొనిపోయి చిత్తూరు నాగయ్య, బి. ఎన్. రెడ్డిగార్ల కడ పాడించిరి. వారు విని సంతోషించి, అవకాశము వచ్చినపుడు ఇత్తుమనిరి. మాట మంచిదే గాని, మాటతో పూట గడవదు గదా! ఇక ఒక గ్రామఫోను సంస్థవారు పరీక్షించి, ఈ కంఠము రికార్డులకు తగినది కాదని త్రోసిపుచ్చిరి. జోలె పట్టి నేర్చిన విద్యకు దొరికిన తీర్పు అది. సముద్రాలవారి యిల్లు చిన్నది. వారికి భారము కాకూడదని వేంకటేశ్వరరావుగారు పానగల్ పార్కునకు మకాము మార్చి, కావలివానికి నెలకింతయని చెల్లించుచు రాత్రులు అక్కడనే నిద్రించుచుండిరి. పగలెల్ల అవకాశములకై తిరుగుటయే పని.

అట్టి స్థితిలో ఊరికి తిరిగిపోయినను ఎవరును తప్పుపట్టియుండరు. ఇంట కొత్తకోడలు, నెత్తిన అప్పు. కాని ఆయన పోలేదు. సభలో ఓడినపుడు విద్య నేర్వబోయినవాడు, విద్య నేర్చిన పిదప ఒకరి తీర్పునకు వెనుదిరుగునా? విజయనగరపు వీధులలో ఒక యింట లేదన్నచో మరియొక యింటికి పోవుట జోలె నేర్పిన పాఠము. మదరాసులోను ఆయన చేసినది అదియే. రేడియోలో పాడిరి. 1944లో వెలువడిన సీతారామజననము చిత్రమున బృందగానములో గొంతు కలిపి చిన్న వేషమును ధరించిరి. మరుసటి యేట స్వర్గసీమ చిత్రమున భానుమతిగారితో యుగళగీతము పాడు భాగ్యము కలిగెను. అందులకు ముట్టిన పారితోషికము నూటపదునారు రూపాయలు.

అక్కడినుండి వెనుకకు చూచుకొనవలసిన పనిలేకపోయెను. 1949లో కీలుగుఱ్ఱము, మనదేశము చిత్రములకు సంగీతము సమకూర్చిరి. 1951లో పాతాళభైరవి పాటలు పల్లెపల్లెను మార్మ్రోగినవి. 1953లో దేవదాసు కొఱకు పాడిన పాటలు నేటికిని వాడలేదు. 1957లో మాయాబజారు, 1963లో లవకుశ ఆయన కీర్తిని ఇనుమడింపజేసినవి. తెలుగు పద్యమును రాగములో ముంచి మాట మరుగుపరుపక, భావము తేటపడునట్లు పాడుట ఆయన నెలకొల్పిన ఒరవడి. గుంటూరుసీమ కవి, కొమ్మూరు గ్రామవాస్తవ్యులు కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి పుష్పవిలాపము ఆయన గళమున రికార్డుకెక్కి అక్షరము రానివారిచేత సైతము కంటతడి పెట్టించినది. కంఠము రికార్డులకు తగదన్న తీర్పునకు ఇంతకన్న సమాధానమేమి కావలెను?

కలిమి వచ్చినను గురువును మరువలేదు. సీతారామశాస్త్రిగారి కుమారులు సంగీతరావుగారు మదరాసున చిరకాలము ఆయనకు సంగీత సహాయకులై యుండిరి. 1970లో భారతప్రభుత్వము పద్మశ్రీ బిరుదమునిచ్చి గౌరవించెను. 1971లో ఐరోపా, అమెరికా దేశములలో కచేరీలు చేసిరి. దేహము అనారోగ్యమునకు లోనైనను భగవద్గీతా శ్లోకములను తెలుగు తాత్పర్యముతో పాడి రికార్డుచేసిరి. 1974 ఫిబ్రవరి 11వ తేదీన మదరాసున పరమపదించిరి. ఆ గీత వెలువడుట చూచు భాగ్యము ఆయనకు లేకపోయెను. ఆయన పోయిన పిదప అది దేవాలయములలోను, మరణము సంభవించిన యిండ్లలోను వినవచ్చి ఎందరికో ఊరట గూర్చినది.

మల్లేశ్వరస్వామి వెలసిన ఈ పెదకాకానిలోను, చుట్టుపట్ల పల్లెలలోను పాడగల పిల్లలకును, నాటకమాడగల యువకులకును కొదువ లేదు. పట్నము పోయి పరీక్షలో తప్పి తలవంచుకొని వచ్చినవారును ఉందురు. అట్టివారు ఈ గ్రంథాలయమున ఒక గడియ కూర్చుండి ఈ మహనీయుని చరిత్రము చదువుకొందురు గాక! ఒకనాటి తీర్పు ఆనాటిదే. సాధన మాత్రము జీవితాంతము తోడువచ్చునది.