మదనపల్లె దొరసానమ్మ: మార్గరెట్ కజిన్స్ జీవితము

1915వ సంవత్సరమనగానే మన నిజామాబాదు ప్రాంతపు విశ్వాసులకు డిచ్‌పల్లి జ్ఞాపకము వచ్చును. డాక్టర్ ఇసబెల్ కెర్ దొరసాని గారి కుష్ఠు ఆసుపత్రి ఆ యేడే అక్కడ మొదలైనది. అదే యేడు మరొక మెథడిస్టు ఇంటి ఆడపడుచు కూడ ఇండియాకు వచ్చినారు. ఆమె పేరు మార్గరెట్ కజిన్స్. ఆమె మిషనెరీ కాదు. తాను పెరిగిన సంఘమును విడిచి దివ్యజ్ఞాన సమాజములో చేరిన మనిషి. అటువంటి ఆమెను గూర్చి మన అధ్యక్ష మండలపు శతాబ్ది సంచికలో వ్రాయుట ఎందుకని పెద్దలు అడుగవచ్చును. అడుగుట న్యాయమే. ముందు ఆమె కథ చెప్పి ఆ మాటకు వచ్చెదము.

ఆమె 1878 నవంబరు 7న ఐర్లండు దేశములోని బోయిల్ అను చిన్న పట్టణములో జన్మించినారు. పుట్టింటి పేరు గిలెస్పీ. డబ్లిన్‌లో సంగీతము చదివి పట్టా పుచ్చుకొన్నారు. 1903లో జేమ్స్ కజిన్స్ అను కవిని వివాహమాడినారు. 1908లో హన్నా షీహీ స్కెఫింగ్టన్ మొదలైనవారితో కలిసి ఐరిష్ స్త్రీల ఓటు హక్కు కొరకు ఒక సంఘమును స్థాపించినారు. ఆ కాలమున అక్కడి స్త్రీలు ఎన్ని అర్జీలు పెట్టుకొన్నను దొరతనము వారు చెవిని బెట్టలేదు. కడకు వీరు రాళ్ళు పట్టినారు. 1910లో లండనులో మంత్రుల ఇండ్ల అద్దములు పగులగొట్టినందుకు ఆమెకు నెల దినములు జైలు పడినది. 1913లో డబ్లిన్ కోట అద్దములు పగులగొట్టి మరల జైలుకు పోయి అక్కడ నిరాహార దీక్ష పట్టినారు. రాళ్ళు విసరుటను మేము మెచ్చుకొనుట లేదు, కాని జరిగినదానిని దాచుట కూడ సరికాదు.

అనిబిసెంట్ గారి పత్రికలో పని చేయుటకు భర్త మద్రాసుకు రాగా ఆమెయు వెంట వచ్చినారు. 1916లో ఐర్లండు తిరుగుబాటును మెచ్చుకొనుచు వ్రాసినందుకు ఆయన ఉద్యోగము పోయినది. ఇద్దరును మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు చేరినారు. 1919లో రవీంద్రనాథ ఠాకూరు గారు అక్కడికి వచ్చి జనగణమన పాడగా, దాని బాణీకి స్వరములు వ్రాసి పెట్టినది ఈమెయే. ఇది చాలామందికి తెలిసిన సంగతి. మేము చెప్పదలచినది అంతకు ముందటిది.

మదనపల్లెలో స్త్రీలను కూడగట్టిన అనుభవముతో 1917 మే నెలలో అనిబిసెంట్, డోరతీ జినరాజదాస గార్లతో కలిసి అడయారులో భారత మహిళా సంఘమును ప్రారంభించినారు. ఆ యేడు భారత వ్యవహారముల మంత్రి మాంటేగు దొర ఇండియాకు వచ్చినారు. ఆడపిల్లల చదువును గూర్చి ఆయనతో మాటలాడుటకు మార్గరెట్ గారు అనుమతి కోరగా, రాజకీయ విషయములైతేనే వినబడునని జవాబు వచ్చినది. సరే, రాజకీయమే అడుగుదమని ఓటు హక్కును కూడ అర్జీలో చేర్చినారు! ఆ అర్జీతో 1917 డిసెంబరు 18న మద్రాసులో స్త్రీల బృందము ఆయనను కలిసినది. ముందుండి మాటలాడినది మన హైదరాబాదు బిడ్డ సరోజినీ నాయుడు గారు. పురుషులకు ఏ షరతులపై ఓటు ఇత్తురో ఆ షరతులపైనే స్త్రీలకును ఇమ్మని కోరినారు. అప్పటికి ఇంగ్లండులోనే పార్లమెంటుకు ఓటు వేయు హక్కు స్త్రీలకు లేదు. 1918 ఫిబ్రవరిలో గాని, అదియు ముప్పది యేండ్లు నిండిన కొందరికే గాని, రాలేదు.

1919 చట్టము ఈ సంగతిని రాష్ట్ర శాసనసభలకు వదలివేసినది. మద్రాసు సభ 1921లో ఒప్పుకొన్నది. అయినను ఆస్తి, పన్ను గల స్త్రీలకే ఆ హక్కు. నిజాము ఏలుబడిలోని ఏర్గట్ల, బోధన్ తల్లులకు అదియు చెందలేదు.

1922లో ఆమెను సైదాపేటలో మేజిస్ట్రేటుగా నియమించినారు. మన దేశములో ఆ పదవి పొందిన మొదటి స్త్రీ ఆమెయే అందురు. 1927లో పూనాలో కూడిన అఖిల భారత మహిళా సభకు పిలుపు పంపినది కూడ ఆమెయే. 1932లో ప్రభుత్వపు అత్యవసర ఆజ్ఞలను ఖండించి ఉపన్యసించినందుకు, పూచీకత్తు ఇయ్యనని మొండికేసి, సంవత్సరము శిక్షకు వేలూరు జైలుకు పోయినారు. తీర్పు చెప్పిన చేయి తీర్పు పొందినది.

ఇక పెద్దల ప్రశ్న. ఆమె ఎన్నుకొన్న మతమార్గము మనది కాదు. అయితే జాన్ వెస్లీ గారు తన కాలములో కొందరు స్త్రీలకు ప్రసంగించుటకు అనుమతి ఇచ్చినారు. ఆయన పోయిన తరువాత, 1803లో, ఇంగ్లండు మెథడిస్టు సభ ఆ ద్వారమును దాదాపు మూసివేసినది. అందుకే మార్గరెట్ గారు వెళ్ళిపోయినారని మేము అనము. కాని అంత తెలివి, అంత ధైర్యము గల ఆడబిడ్డకు సంఘములో ఏ పని అప్పగించి యుందుము?

ఈ ప్రశ్న మమ్మును వెంటాడుటకు కారణమున్నది. మేము పరిచర్యకు వచ్చిన కొత్తలో ఒక పల్లె సంఘములో కమిటీ పేర్లు వ్రాయుచుంటిమి. బీడీలు చుట్టి బ్రతుకు ఒక తల్లి చాప మీదనుండి లేచి, గుడి ఊడ్చుట, కానుకకు పిడికెడు బియ్యము తీయుట మా వంతు, పేర్లు మాత్రము మగవారివేనా అయ్యగారూ అని అడిగినది. మేము విననట్లే తరువాతి అంశమునకు పోతిమి. 2013లో నంద్యాలకు పుష్పలలితమ్మ గారు దక్షిణ ఇండియా సంఘములో మొదటి స్త్రీ బిషప్పుగా అభిషేకము పొందిన దినమున మాకు ఆ తల్లి ముఖమే కనబడినది.

తరువాతి కాలమున మార్గరెట్ గారికి పక్షవాతము వచ్చినది. 1952లో, మొదటి సాధారణ ఎన్నికలలో, ఏర్గట్ల వైపు పల్లెల స్త్రీలు కూలికి పోవువారును, భూమి గలవారును ఒకే వరుసలో నిలిచి ఓటు వేయు నాటికి ఆమె మంచము మీదనే యున్నారు. 1954 మార్చి 11న కన్నుమూసినారు. రెండేండ్లకు జేమ్స్ గారు మదనపల్లెలో మరణించినారు.