ఇసుకలో అక్షరాలు – డాక్టర్ ఆండ్రూ బెల్

గురువు ఒక్కడై, శిష్యులు వందలమంది అయినపుడు చదువు సాగే మార్గమేది? ఈ ప్రశ్నకు మన చెన్నపట్నంలో సమాధానం కనుగొన్న వ్యక్తి డాక్టర్ ఆండ్రూ బెల్.

ఆయన 1753లో స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్ పట్టణంలో ఒక క్షురకుని ఇంట జన్మించాడు. అక్కడి విశ్వవిద్యాలయంలోనే చదివి, కొంతకాలం అమెరికాలోని వర్జీనియాలో పిల్లలకు పాఠాలు చెప్పి, తరువాత మతాచార్యుడై 1787లో చెన్నపట్నం చేరాడు. 1789లో ఎగ్మూరులోని సైనిక అనాథ బాలుర శరణాలయానికి పర్యవేక్షకుడయ్యాడు.

శరణాలయంలోని ఉపాధ్యాయులకు ఆయన సూచించిన మార్పులు రుచించలేదు. ఒకనాడు బెల్ దారిలో ఒక వీధిబడిని చూచాడు. పిల్లలు నేలపై ఇసుక పరచి, వ్రేళ్ళతో అక్షరాలు దిద్దుతున్నారు. పలకతో గాని, కాగితంతో గాని వారికి పని లేదు. తన పాఠశాలలోనూ అట్లే ప్రారంభించమని కోరగా ఉపాధ్యాయుడు అంగీకరించలేదు. అప్పుడు బెల్ జాన్ ఫ్రిస్కిన్ అనే ఎనిమిదేళ్ళ సైనికపుత్రుని పిలిచి, అక్షరాలు నేర్చే పసివారిని అతనికే అప్పగించాడు. పెద్దలు కాదన్న పనిని ఆ బాలుడు చేసి చూపాడు. క్రమంగా నేర్చినవాడు నేర్వనివానికి చెప్పడమే ఆ పాఠశాలకు పద్ధతి అయింది.

1796లో స్వదేశానికి మరలిన బెల్, మరుసటి సంవత్సరం ఈ అనుభవాన్ని గ్రంథంగా ప్రకటించాడు. లండనులో జోసెఫ్ లాంకాస్టర్ కూడా ఇటువంటి పాఠశాలనే నడిపాడు. ఈ పద్ధతిని ముందు కనుగొన్నది ఎవరనే విషయమై ఇద్దరి అనుచరుల మధ్య పెద్ద వివాదమే చెలరేగింది. 1811లో ఏర్పడిన నేషనల్ సొసైటీ ద్వారా బెల్ విధానం ఇంగ్లండులో వేలాది పాఠశాలలకు ప్రాకింది.

అయితే ఈ కీర్తిలో మన వీధిబడులకు భాగం లేదా? తెలుగు వ్యాకరణ కర్తయైన బళ్ళారి కలెక్టరు కేంప్‌బెల్, పై తరగతి పిల్లలు క్రింది వారికి నేర్పే మన బడుల పద్ధతిని 1823 నాటి నివేదికలో ప్రశంసించి, ఇంగ్లండు దానిని అనుకరించిందని స్పష్టంగా తెలిపాడు.

బెల్‌లో లోపాలు లేకపోలేదు. బీదల పిల్లలందరికీ వ్రాత, లెక్కలు నేర్పనవసరం లేదని ఆయన ఒక దశలో అభిప్రాయపడ్డాడు. ఇసుకలో వ్రాసిన బీదపిల్లలను చూచి పాఠం నేర్చిన వ్యక్తి అట్లా తలచడం విచారకరం. గురువు పర్యవేక్షణ సన్నగిల్లిన చోట ఈ విధానం వట్టి వల్లెవేతగా మారిన మాట కూడా నిజమే.

1832లో బెల్ మరణించాడు. వెస్ట్‌మినిస్టర్ ఆబీలో ఆయనను ఖననం చేశారు. ఆయన ఇచ్చిన ధనంతో జన్మస్థలంలో వెలసిన విద్యాలయానికి మద్రాసు కాలేజి అని పేరు.

సోదర విద్యార్థులారా! మన కళాశాలలో ఉర్దూ వచ్చినవారు, తెలుగు వచ్చినవారు ఒకే బల్లపై కూర్చుంటారు. ఒకరి లిపిని మరొకరికి నేర్పడానికి ఎనిమిదేళ్ళ ఫ్రిస్కిన్‌కు ఉన్నపాటి ధైర్యం మనకు చాలదా?