స్వదేశీ నౌకాయానానికి బాటలు వేసిన వాల్‌చంద్ హీరాచంద్

వీరగాథలకు పుట్టినిల్లయిన పల్నాటిసీమలో వీరుడన్న మాట వినగానే మన కన్నుల ముందు కారంపూడి రణరంగం, బాలచంద్రుని శౌర్యం, బ్రహ్మనాయుని చాపకూడు సాక్షాత్కరిస్తాయి. అయితే కత్తి పట్టని వీరులు కూడా లోకంలో ఉన్నారు. లెక్కల పుస్తకం చేతబట్టి, మహాసామ్రాజ్యపు అండగల నౌకా కంపెనీలతో ముప్పది సంవత్సరాలు పోరాడిన వాల్‌చంద్ హీరాచంద్ అట్టివారిలో అగ్రగణ్యులు. ఆయన పుట్టింది మహారాష్ట్రంలో, మాతృభాష గుజరాతీ. కాని ఆయన జీవితాశయం ఫలించింది మన తెలుగు తీరంలో, విశాఖపట్నంలో. అందుచేత ఆయన చరిత్ర మనకు పరాయి చరిత్ర కాదు.

తెలుగువారికి సముద్రయానం కొత్త విద్య కాదు. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244 ప్రాంతంలో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం నేటికీ నిలిచి ఉంది. తుఫానులలో చిక్కి తీరానికి కొట్టుకొని వచ్చిన ఓడల సరుకును ఇకపై రాజు అపహరించడని, నియమితమైన సుంకం మాత్రమే గ్రహిస్తాడని ఆ శాసనం విదేశీ వర్తకులకు ధైర్యం చెప్పింది. గోదావరి ముఖాన కోరంగి ఓడలు కట్టే రేవుగా పేరు పొందింది. అయితే ఆవిరి ఓడలు వచ్చిన పిమ్మట తెరచాప ఓడలు వెనుకబడ్డాయి. సముద్రం ఆంగ్ల కంపెనీల సొత్తయింది. కాకినాడ, విశాఖపట్నం రేవులలో ఓడ ఎక్కి పొట్టకూటికై రంగూను వెళ్ళిన వేలాది తెలుగు కూలీలు ఆ కంపెనీలు చెప్పిన కూలి ఇచ్చి, చూపిన చోట కూర్చుని ప్రయాణించారు. 1906లో తమిళనాట చిదంబరం పిళ్ళై స్వదేశీ ఓడల కంపెనీని నెలకొల్పగా, ప్రభుత్వం ఆయనను చెరసాల పాలు చేసింది. ఆ కంపెనీ కూలిపోయింది. అది చూసిన తరువాత కూడా అదే మార్గంలో అడుగుపెట్టడానికి ఎంత గుండె నిబ్బరం కావాలో పాఠకులు ఊహించుకోవచ్చు.

వాల్‌చంద్ 1882 నవంబరు 23వ తేదీన షోలాపూర్‌లో ఒక జైన వర్తక కుటుంబంలో జన్మించారు. షోలాపూర్‌లో మెట్రిక్యులేషన్ ముగించి బొంబాయి సెంట్ జేవియర్ కళాశాలలో చేరారు గాని పట్టం పుచ్చుకోలేదు. కుటుంబ వ్యాపారమైన ప్రత్తి, ధాన్యం, వడ్డీ లావాదేవీలలో ఆయన మనసు నిలువలేదు. లక్ష్మణరావు ఫాటక్ అనే మిత్రునితో కలిసి రైలు మార్గాల కాంట్రాక్టులు చేపట్టారు. కొండలు తొలిచి సొరంగాలు త్రవ్వించి, కట్టడాలు నిర్మించి ధనం, దానితోపాటు పెద్ద పనులను తలకెత్తుకొనే సాహసం కూడా సంపాదించారు.

1919లో ఆయన జీవితం మలుపు తిరిగింది. గ్వాలియరు మహారాజు సింధియా వద్ద లాయల్టీ అనే ఓడ అమ్మకానికి ఉన్నదని ఆయనకు తెలిసింది. ఎంప్రెస్ ఆఫ్ ఇండియా అన్న పేరుతో 1891 నుంచి పసిఫిక్ సముద్రంలో తిరిగిన పాత ఓడ అది. మొదటి ప్రపంచయుద్ధంలో మహారాజు దానిని కొని, పేరు మార్చి, క్షతగాత్రుల ఆసుపత్రిగా నడిపించారు. వాల్‌చంద్, నరోత్తమ్ మొరార్జీ ప్రభృతులు ఆ ఓడను కొన్నారు. 1919 మార్చి 27న సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఆవిర్భవించింది. ఏప్రిల్ 5న లాయల్టీ బొంబాయి నుంచి లండనుకు బయలుదేరింది. నేడు ఏటేటా ఏప్రిల్ 5ను జాతీయ నౌకాదినోత్సవంగా మనం జరుపుకొంటున్నది ఆ ప్రయాణానికి స్మారకంగానే.

పండుగ ఒక్కరోజుదే, పోరాటం మాత్రం అప్పుడే ఆరంభమయింది. లార్డ్ ఇంచ్‌కేప్ అధీనంలోని బ్రిటిష్ ఇండియా కంపెనీ సింధియాను అణచడానికి రవాణా కూలిని ఒక్కసారిగా తగ్గించింది. నష్టం భరించే శక్తి గలవాడు కూలి తగ్గించి, బలహీనుడు దివాలా తీసిన పిమ్మట మళ్ళీ పెంచుకోవడం నాటి సముద్ర వ్యాపారంలో పాత ఎత్తుగడ. సింధియా దివాలా తీయలేదు గాని 1923లో రాజీపడక తప్పలేదు. ఆ ఒడంబడిక ప్రకారం సింధియా ఓడలు భారత, బర్మా తీరాలకు పరిమితం కావాలి. వాటి మొత్తం పరిమాణానికి కూడా హద్దు ఏర్పడింది. సొంత దేశపు సముద్రంలో తిరగడానికి పరాయి కంపెనీ అనుమతి పొందవలసి రావడం వాల్‌చంద్ హృదయంలో ముల్లువలె నాటుకొన్నది. తీరవాణిజ్యాన్ని భారతీయ నౌకలకే కేటాయించాలని 1928లో కేంద్ర శాసనసభలో బిల్లు వచ్చింది. అది శాసనం కాలేదు. ఆ కోరిక నెరవేరడానికి స్వాతంత్ర్యం రావలసి వచ్చింది.

1933 అక్టోబరు 7న విశాఖపట్నంలో కొత్తగా నిర్మించిన ఓడరేవులోకి ప్రవేశించిన మొదటి నౌక సింధియా వారి జలదుర్గ. వాల్‌చంద్‌కూ తెలుగుగడ్డకూ గల అనుబంధానికి దానిని నాంది అనవచ్చు.

మన కళాశాల పాఠకులకు ప్రత్యేకించి చెప్పవలసిన ఘట్టం మరొకటి ఉంది. ఆ రోజులలో హజ్జు యాత్రికులు బొంబాయి, కరాచీ, కలకత్తా రేవులలో ఓడ ఎక్కి జిద్దా చేరవలసిందే. మాచర్ల, గురజాల, నరసరావుపేట ప్రాంతాల వృద్ధులు జీవితకాలం కూడబెట్టిన పైకాన్ని మొలలో దోపుకొని, బంధుమిత్రుల వద్ద తప్పులు మన్నింపజేసుకొని, రైళ్ళు మారి బొంబాయి చేరేవారు. వారికి ఓడల ఎంపిక లేదు. ఆంగ్ల యాజమాన్యంలోని మొగల్ లైను ఓడలే ఆ మార్గంలో ఆధిపత్యం వహించాయి. 1937లో వాల్‌చంద్ కంపెనీ ఎల్ మదీనా అనే కొత్త ఓడతో ఆ మార్గంలో ప్రవేశించింది. కొద్దికాలంలోనే ఎల్ హింద్ తోడయింది. ఉభయ కంపెనీల పోటీ వలన ఛార్జీలు పడిపోయాయి. ఇందులో వ్యాపారదృష్టి లేదని చెప్పబోను. ఆయన వర్తకుడు, లాభం కోరినవాడే. అయినప్పటికీ ఒక జైన వర్తకుడు నడిపిన స్వదేశీ కంపెనీ ముస్లిం యాత్రికుల కొరకు ఓడ కట్టించి దానికి మదీనా పేరు పెట్టిందన్న విషయం మనం మరువదగినది కాదు.

ఇంతలో 1939 సెప్టెంబరులో రెండవ ప్రపంచయుద్ధం వచ్చిపడింది. ఆ యుద్ధంలో ఓడ విలువ ఏమిటో ప్రపంచానికి తెలియజెప్పింది అట్లాంటిక్ మహాసముద్రం. బ్రిటన్ ద్వీపం, తిండిగింజలు, పెట్రోలు, ఉక్కు పెద్దమొత్తంలో సముద్రం మీదుగా రావలసిందే. జర్మన్ జలాంతర్గాములు ఆ మార్గాన్ని తెంచడానికి మాటువేశాయి. ఒంటరిగా పోయే ఓడ వేటకు సులభంగా దొరుకుతుంది కనుక ముప్పది, నలుబది వాణిజ్యనౌకలను వరుసలు తీర్చి, చుట్టూ యుద్ధనౌకల కాపలాతో నడిపించే పద్ధతి అవలంబించారు. దానినే కాన్వాయి అంటారు. 1939 సెప్టెంబరు 16న కెనడాలోని హాలిఫాక్స్ రేవు నుంచి బ్రిటన్‌కు అట్టి మొదటి కాన్వాయి కదిలింది. గుంపులో అన్నిటికంటె మందగతి గల ఓడ ఎంత వేగంతో పోగలదో మిగిలినవన్నీ అంతే వేగంతో పోవాలి. రాత్రివేళ దీపం వెలిగించరాదు. ఒక ఓడ మునిగిపోతున్నా మిగిలినవి వరుస తప్పరాదు. అట్లాంటిక్ పోరాటం ముగిసేనాటికి మిత్రరాజ్యాల వాణిజ్యనౌకలు రెండున్నర వేలకు పైగా సముద్రగర్భంలో కలిసిపోయాయి.

ఆ ఓడల బాయిలర్ల వద్ద బొగ్గు వేసిన చేతులలో అనేకం భారతీయుల చేతులు. లస్కర్లు అని పిలువబడిన మన నావికులు బ్రిటిష్ వాణిజ్య నౌకాదళంలో ఇంచుమించు నాలుగవ వంతు ఉండేవారు. వారిలో సిల్హెట్, పంజాబు, కొంకణ తీరాల ముస్లింలు అధికసంఖ్యాకులు. తెల్ల నావికునికిచ్చే జీతంలో కొద్దిభాగమే వారికి దక్కేది. 1939లో జీతాలు పెంచాలని వారు సమ్మె చేయగా బ్రిటిష్ రేవులలో వందలాది మందిని జైళ్ళలో పెట్టారు. చివరకు జీతాలు కొంత పెంచక తప్పలేదు. 1940 సెప్టెంబరు 17న అట్లాంటిక్‌లో సిటీ ఆఫ్ బెనారస్ నౌక జలాంతర్గామి దెబ్బకు మునిగినప్పుడు ఆంగ్ల బాలబాలికలతోపాటు నూరుమంది వరకు లస్కర్లు ప్రాణాలు కోల్పోయారు. యుద్ధం మొత్తంమీద మరణించిన భారతీయ నావికులు ఆరువేలకు పైమాటే. నావికులు మనవారు, ఓడలు పరాయివి, యుద్ధం ఎవరిదో వారిని అడిగినవారు లేరు.

ఓడలకు ఇంత కరవు ఏర్పడినప్పుడు భారతదేశంలో ఓడలు కట్టడానికి ప్రభుత్వం ఆనందంగా సమ్మతిస్తుందని ఎవరైనా భావిస్తారు. జరిగింది వేరు. అమెరికా, కెనడాలలో ఓడల నిర్మాణం రాత్రింబవళ్ళు సాగింది. భారతదేశపు రేవులు ఓడల మరమ్మతులకు చాలునన్నది ప్రభుత్వ ధోరణి. వాల్‌చంద్ మొదట కలకత్తాలో నౌకానిర్మాణ కేంద్రానికి స్థలం కోరారు. అనువైన స్థలం లభించలేదు. అప్పుడాయన దృష్టి విశాఖపట్నంపై నిలిచింది. కొండచాటు రేవు, లోతైన నీరు, రైలు సౌకర్యం అక్కడ సమకూడాయి. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. వేలాది మైళ్ళ అవతల అట్లాంటిక్‌లో ఓడలు మునుగుతున్న వేళ, ఆంధ్రతీరాన ఓడలు కట్టే మొదటి ఆధునిక కర్మాగారానికి రాయి పడింది.

సంవత్సరం తిరగకముందే విపత్తు ముంచుకొచ్చింది. 1942 జనవరి నెలాఖరులో సింధియా వారి జలతరంగ్, జలపాలక ఓడలను జపాను జలాంతర్గామి బంగాళాఖాతంలో ముంచివేసింది. ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. జనం ఊళ్ళు వదిలి పరుగెత్తారు. కర్మాగారపు యంత్రసామగ్రిని బొంబాయికి తరలించారు, పని ఆగిపోయింది. హజ్జు యాత్రికుల ఓడలు సైనికుల ఓడలయ్యాయి. 1944 మార్చి 16న కలకత్తా నుంచి చిట్టగాంగుకు సైనికులతో కాన్వాయిలో పోతున్న ఎల్ మదీనాను జపాను జలాంతర్గామి ముంచింది. సుమారు 380 మంది అసువులు బాశారు. నెల తిరగకుండానే, ఏప్రిల్ 14న, బ్రిటన్ నుంచి ప్రేలుడు పదార్థాలతో వచ్చిన ఫోర్ట్ స్టైకీన్ ఓడ బొంబాయి విక్టోరియా డాకులో ప్రేలిపోయింది. ఆ మంటలలో ఎల్ హింద్ దగ్ధమయింది. ఆ ఫోర్ట్ స్టైకీన్ యుద్ధకాలంలో కెనడాలో కట్టిన ఓడ!

అరువది రెండేళ్ళ వయసులో మరొకరైతే ఓటమిని అంగీకరించి విశ్రాంతి తీసుకొనేవారు. వాల్‌చంద్ మళ్ళీ విశాఖపట్నం చేరారు. 1948 మార్చి 14న ఎనిమిదివేల టన్నుల జలఉషను ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ జలప్రవేశం చేయించారు. స్వతంత్ర భారతంలో నిర్మితమైన మొదటి ఆధునిక మహానౌక అది. పేరుకు తగినట్లు అది నీటిపై విరిసిన ఉషస్సే. కొద్ది సంవత్సరాలలో తీరవాణిజ్యం భారతీయ నౌకలకే కేటాయింపబడింది.

ఆయన ఉద్యమశీలత ఓడలతో ఆగలేదు. 1939లో విమానప్రయాణంలో తటస్థపడిన అమెరికన్ వ్యాపారి విలియం పాలీతో సాగించిన సంభాషణ ఫలితంగా, మైసూరు సంస్థానం సహకారంతో 1940 డిసెంబరులో బెంగుళూరు విమాన కర్మాగారం వెలసింది. 1944లో మోటారు కార్ల పరిశ్రమ నెలకొల్పారు. అయితే విమాన కర్మాగారాన్ని యుద్ధకాలంలోనే ప్రభుత్వం తన అధీనంలోకి తీసుకొన్నది. నౌకానిర్మాణ భారం కూడా ఒక ప్రైవేటు కంపెనీ మోయలేనిదని తేలింది. విదేశాలకంటె ఇక్కడ ఓడ కట్టడానికి ఖర్చు అధికం కావడంతో, 1952లో హిందుస్తాన్ షిప్‌యార్డు సంస్థ ఏర్పడి ప్రభుత్వం అందులో ప్రధాన భాగస్వామి అయింది. 1961లో పూర్తిగా స్వాధీనం చేసుకొన్నది. ఆయన అంచనాలు కొన్నిచోట్ల ఆశను మించి సాగాయనే విమర్శ ఉన్నది. అందులో సత్యం లేకపోలేదు. కాని అంచనా తప్పినా అడుగు తప్పలేదు. ఆయన నాటిన సంస్థలు ఆయన చేయి దాటిపోయి కూడా దేశానికి నీడనిచ్చాయి.

1949లో పక్షవాతం సోకగా మరుసటి సంవత్సరం వ్యాపారాల నుంచి విరమించారు. 1953 ఏప్రిల్ 8న గుజరాతులోని సిద్ధపూరులో కన్నుమూశారు. లాయల్టీ బయలుదేరిన వార్షికదినానికి అది మూడవనాడు. ఆయన నిర్మించిన సింధియా కంపెనీ కాలక్రమంలో క్షీణించి అంతరించింది. హజ్జు ఓడ ప్రయాణం 1995తో ముగిసి యాత్రికులు విమానాలలో పోతున్నారు. విశాఖపట్నంలో మాత్రం సింధియా అన్న పేరు ఒక పేటకు, ఒక బస్సు మజిలీకి నిలిచిపోయింది. రోజూ ఆ బస్సు ఎక్కి దిగేవారిలో ఎంతమందికి ఆ పేరు వెనుకనున్న ముప్పది ఏళ్ళ పోరాటం తెలుసో!

విద్యార్థినీ విద్యార్థులారా! ఓడ లేని జాతి తన ధాన్యానికి, తన కూలికి, తన హజ్జుకు కూడా పరుల దయపై ఆధారపడవలసి వచ్చింది. పరుల యుద్ధంలో పేరులేని మరణం పొందవలసి వచ్చింది. వాల్‌చంద్ ఈ సత్యాన్ని పుస్తకాలలో చదివి తెలుసుకోలేదు. నష్టాల ఖాతాలలో చదువుకొన్నారు. పట్టం పుచ్చుకోకుండానే కళాశాల విడిచిన ఆయన జీవితాంతం నేర్చుకొంటూనే ఉన్నారు. సముద్రం కనిపించని పల్నాటి గడ్డపై పుట్టిన మనలో ఒకరు రేపు విశాఖ నౌకాకేంద్రంలో ఇంజనీరుగానో, సముద్రంపై నావికాధికారిగానో నిలబడితే, ఆ మహనీయునికి మనం సమర్పించగల నివాళి అంతకు మించినది మరొకటి ఉండదు.